లాఠీ విడిచి సుద్దముక్క

పోలీసు ఉద్యోగమునుండి విరమించిన అధికారి పాఠము చెప్పగలడా? గత సంవత్సరము మా కళాశాల ఉపాధ్యాయుల గదిలో పుట్టిన ప్రశ్న యిది. నేరశాస్త్రమును, నేర న్యాయ విధానమును బోధించుటకు మా యాజమాన్యము ఒక విశ్రాంత పోలీసు అధికారిని నియమించినది. ముప్పది యేండ్లు ఖాకీ ధరించిన ఆ పెద్దమనిషి తెల్లచొక్కా తొడిగికొని, చేత హాజరుపట్టీ పట్టుకొని మా గది వాకిట నిలిచిరి. ఆయనను చూడగనే మాలో ఇద్దరు అప్రయత్నముగా లేచి నిలుచుండిరి. ఆయన నవ్వి, "కూర్చోండి మాస్టారూ! ఇక్కడ మీ అందరికంటే నేనే జూనియర్ని" అనిరి.

ఆయన తరగతికి వెళ్లిన పిమ్మట వాదము మొదలయ్యెను. "లాఠీ పట్టిన చేతికి సుద్దముక్క లొంగుతుందా?" అని చరిత్ర బోధించు మిత్రులు. "నేరాన్ని పుస్తకంలో చదివినవాడికంటే కంటితో చూచినవాడు మేలు కాదా?" అని అర్థశాస్త్రము బోధించు మిత్రులు. నేను మొదటి పక్షమున చేరితిని. దాచనేల? పోలీసువానిని గూర్చి మనకున్న భావము 'కన్యాశుల్కము'లోని హెడ్డు కానిస్టేబులు నాటినుండి నేటి చలనచిత్రముల వరకు దాదాపు ఒకే దారిని నడచుచున్నది. మనకు అతడు భయపడవలసినవాడో, బతిమాలుకొనవలసినవాడో, చాటున నవ్వుకొనవలసినవాడో గాని, ఎదుట కూర్చుండి నేర్చుకొనవలసినవాడు కాడు. ఈ యేడాదిలో నా అభిప్రాయము కొంత మారినది. ఎంతవరకు మారినదో, ఎచ్చట ఆగినదో చెప్పుటకే ఈ వ్యాసము.

ఇది మా ఒక్క కళాశాల ముచ్చట కాదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022లో 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' అను కొత్త పదవికి మార్గదర్శక సూత్రములు ప్రకటించినది. తన వృత్తిలో కనీసము 15 సంవత్సరముల అనుభవము సంపాదించి పేరుగాంచిన వ్యక్తి, డాక్టరేటు లేకున్నను, ఉన్నత విద్యాసంస్థలలో బోధింపవచ్చును. మంజూరైన ఉద్యోగములలో ఇట్టివారి సంఖ్య నూటికి పదిని మించరాదు. ఒకరి సేవ మొత్తము మీద నాలుగేండ్లు దాటరాదు. పరిశ్రమలవారికి, న్యాయవాదులకు, సైనికాధికారులకు తెరచిన ఈ ద్వారము పోలీసు అధికారులకును తెరచినట్లే. కావున నేడు మా గదిలో పుట్టిన ప్రశ్న రేపు అనేక కళాశాలల గదులలో పుట్టును.

ఈ దారి కొత్తది కాదు. నూరేండ్ల క్రిందటనే అమెరికాలో ఒకడు నడచి చూపెను. ఆతని పేరు ఆగస్టు వోల్మరు. 1876లో న్యూ ఆర్లియన్సు నగరమున, జర్మనీనుండి వలస వచ్చిన కుటుంబమున జన్మించెను. బడి చదువు చిన్ననాటనే ముగిసినది. 1898 నాటి యుద్ధమున సైనికుడై ఫిలిప్పీను దీవులకు పోయి వచ్చి, కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పట్టణమున ఇంటింటికి ఉత్తరములు పంచెను. 1905లో ఆ పట్టణ ప్రజలు ఆతనిని మార్షలుగా ఎన్నుకొనిరి. 1909లో పోలీసు అధిపతి అయ్యెను.

ఉత్తరములు పంచిన ఆ మనిషికి తనకేమి తెలియదో బాగుగ తెలియును. అదియే ఆతని భాగ్యము. 1908లో తన శాఖలోనే పోలీసులకు ఒక పాఠశాల పెట్టి, ప్రక్కనే యున్న విశ్వవిద్యాలయమునుండి ఆచార్యులను పిలిచి తనవారికి పాఠములు చెప్పించెను. 1916 నుండి విశ్వవిద్యాలయమే వేసవి తరగతులు నడపెను. కళాశాల విద్యార్థులను ఏరి పోలీసు ఉద్యోగములలో చేర్చుకొనెను. వారిలో వాల్టరు గోర్డను అను నల్లజాతీయుడు ఒకడు. 1919లో పోలీసు శాఖలో చేరి, ఉద్యోగము చేయుచునే న్యాయశాస్త్ర పట్టము పొంది, కాలక్రమమున న్యాయమూర్తి అయ్యెను. వోల్మరు 1929 నుండి 1931 వరకు షికాగో విశ్వవిద్యాలయమున పోలీసు పరిపాలనను బోధించెను. 1932లో పోలీసు ఉద్యోగమునుండి విరమించి బర్క్‌లీ విశ్వవిద్యాలయమున అదే విషయమునకు ఆచార్యుడుగా కొనసాగెను. పట్టములు లేనివాడు పట్టభద్రులకు గురువయ్యెను.

ఆతడు తనంత తాను చదివి నేర్చుకొన్న గ్రంథములలో ఆస్ట్రియా దేశస్థుడగు హాన్స్ గ్రోస్ రచించిన నేరపరిశోధన గ్రంథము ముఖ్యమైనది. ఈ గ్రోస్ కూడ మొదట నేర విచారణ జరుపు న్యాయాధికారి. తరువాత విశ్వవిద్యాలయ ఆచార్యుడు. 1893లో జర్మను భాషలో వెలువడిన ఆ గ్రంథమును ఇంగ్లీషులోనికి తెచ్చి 1906లో ప్రకటించినది లండనులో కాదు, మన చెన్నపట్నమున. అచ్చట ప్రభుత్వము పక్షమున వాదించుచుండిన ఇద్దరు న్యాయవాదులు భారతదేశ పరిస్థితులకు తగినట్లు దానిని కూర్చిరి. నాడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాజధానిలోనివే. పనిచేసినవాడు తన పనిని గ్రంథముగా మార్చి రాబోవువారికి అప్పగించు సంప్రదాయమున మన ప్రాంతమునకును ఒక చిన్న భాగము కలదని చెప్పుటకే ఈ ప్రస్తావన.

మరి అనుభవజ్ఞుడు వచ్చి బోధించుట వలన కలుగు మేలేమి? ఒక్క ఉదాహరణము చాలును. అనుమానితుని కొట్టి నేరము ఒప్పించు పద్ధతిని వోల్మరు తన శాఖలో సాగనీయలేదు. 1929లో అధ్యక్షుడు హూవరు నియమించిన వికర్‌షాం సంఘమునకు ఆతడు పోలీసు విషయములలో సహాయపడెను. 1931లో ఆ సంఘము వెలువరించిన నివేదికలలో ఒకటి, అమెరికా పోలీసులు నిర్బంధమునందున్నవారిని హింసించి ఒప్పుకోలు రాబట్టుట విరివిగా జరుగుచున్నదని బట్టబయలు చేసెను. ఇట్టి హింస వలన న్యాయము చెడునని పుస్తకము చదివినవాడు చెప్పిన, "ఆయనకేమి తెలుసు?" అని పోలీసు పెదవి విరుచును. ముప్పది యేండ్లు ఠాణాలో గడపినవాడు చెప్పిన పెదవి విరుచుటకు వీలులేదు. అనుభవజ్ఞుని మాటకున్న బలము ఇది.

అయితే వోల్మరునకు పూలదండ వేసి ఊరకుందమన్న, చరిత్ర ఊరకుండనీయదు. ఆతని పాఠశాల ప్రణాళికలో వంశపారంపర్యము, సుసంతానవాదము వంటి పాఠములును ఉండెను. నేరబుద్ధి రక్తములో దిగివచ్చునను నమ్మకము ఆనాడు శాస్త్రము వేషమున తిరుగుచుండెను. పోలీసు అనుభవము దానికి సాక్ష్యము పలికెను. ఆ కాలముననే మన యింట జరిగినదేమి? 1871లో పుట్టిన నేరజాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికిని వ్యాపించినది. నేటి బాపట్ల జిల్లాలోని స్టూవర్టుపురము ఆ చట్టపు నీడన ఏర్పడిన నివాసమే. పుట్టుకతోనే ఎరుకల కుటుంబములు అనుమానమునకు పాత్రములైనవి. పేర్లు నమోదు చేయించుకొనవలెను, వేలిముద్రలు వేయవలెను, హాజరు పలుకవలెను. 1952లో ఆ చట్టము రద్దయ్యెను. కాని చట్టము పోయినంతనే రిజిస్టరులోని సిరా ఎండిపోలేదు, ఠాణాలోని నమ్మకము చావలేదు. ముప్పది యేండ్ల అనుభవము ముప్పది యేండ్ల దురభిప్రాయమును కావచ్చును. అట్టివాడు తరగతిలో నిలిచిన, తప్పునకు గురుస్థానము లభించును.

మంచి తలంపు ఒక్కటియే చాలదని చెప్పు మరియొక కథ కూడ బర్క్‌లీలోనిదే. 1921లో ఆ శాఖకు చెందిన జాన్ లార్సన్, డాక్టరేటు పొందిన పోలీసు ఉద్యోగి, అబద్ధమును పసికట్టు యంత్రమును నిర్మించెను. వోల్మరు దానిని ప్రోత్సహించెను. కొట్టకుండ నిజము తెలియునని వారి ఆశ. కాలము గడచినకొలది ఆ యంత్రమును ఇతరులు వాడిన తీరు చూచి లార్సనే రోసిపోయెను. మన సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసునందు, మనిషి సమ్మతి లేకుండ అట్టి పరీక్షలు జరుపుట రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పినది. దెబ్బ కొట్టకపోయినను మనిషి మనస్సును బలవంతముగా తెరచుట బలవంతమే యని ఆ తీర్పు సారము.

నేను తెలుగు పాఠములు చెప్పువాడను గనుక ఈ సందర్భమున నాకు కేతన స్ఫురించుచున్నాడు. పదమూడవ శతాబ్దమున, తిక్కన సోమయాజి కాలమున, ఆ కవి రెండు గ్రంథములు తెనిగించెను. ఒకటి 'దశకుమారచరిత్రము'. అందు దొంగతనములు, మోసములు, తప్పించుకొనుటలు కథలు కథలుగా నడచును. రెండవది 'విజ్ఞానేశ్వరీయము'. అది ధర్మశాస్త్రము. కథను రుచించి చెప్పిన చేతనే శాసనమును వ్రాసెను. కాని రెంటిని రెండు గ్రంథములుగా వ్రాసెను గాని కలగాపులగము చేయలేదు. విశ్రాంత అధికారి చంకలో సంచి నిండ కథలుండును. ఏ దొంగను ఎట్లు పట్టితిమి, ఏ హంతకుడు ఎచ్చట దొరికెను అను కథలను విద్యార్థులు నోరు తెరచి విందురు. ఆ గంటలో తరగతి నిశ్శబ్దముగా నుండును. నిశ్శబ్దముగా నున్న తరగతి నేర్చుకొనుచున్న తరగతి కానక్కరలేదని మన ఉపాధ్యాయులందరును ఎరుగుదురు. కథ ముగిసిన పిమ్మట, దానిలోనుండి శాస్త్రమును పిండి చూపగలిగినప్పుడే ఆ కథకు తరగతిలో చోటు.

మా పోలీసు ఉపాధ్యాయులును మొదటి రెండు నెలలు కథలే చెప్పిరి. వరండాలో నడచుచున్న నాకు నవ్వులు, చప్పట్లు వినబడుచుండెను. ఒకనాడు చప్పట్లు లేవు. సాక్ష్య చట్టము పాఠము జరుగుచున్నది. పోలీసుల యెదుట చేసిన ఒప్పుకోలు నిందితునిపై రుజువుగా చెల్లదని 1872 నాటి చట్టపు 25వ సెక్షను చెప్పుచుండెను. 2024 జులై 1న అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమున అదే నియమము 23వ సెక్షనుగా నిలిచినది. ఇది చెప్పుచుండగా రెండవ వరుసలోని ఒక విద్యార్థిని లేచి, "సార్, మీరు ఎప్పుడైనా ఎవరినైనా కొట్టి నేరం ఒప్పించారా?" అని అడిగెనట. ఆయన కొంత తడవు ఊరకుండి, "రేపు చెబుతానమ్మా" అని తరగతి ముగించిరట.

మధ్యాహ్నము మా గదిలో ఆయన భోజనపు గిన్నె మూత తీయలేదు. నేను పలుకరింపగా, జరిగినది చెప్పి, "రేపు వచ్చి వెనుక బల్లమీద కూర్చుంటారా మాస్టారూ? ఎవరైనా పెద్దవారుంటే నేను తప్పించుకోలేను" అనిరి.

మరునాడు కూర్చుంటిని. ఆయన కుర్చీలో కూర్చుండలేదు. తాను కొత్తగా సబ్‌ఇన్‌స్పెక్టరుగా చేరిననాటి ఒక దొంగతనము కేసు చెప్పిరి. ఒక కుర్రవాని పట్టుకొనిరి. కారణము, పాత రిజిస్టరులో వాని తండ్రి పేరున్నది. "దొంగ కొడుకు దొంగే అనుకున్నాను. రెండు రాత్రులు కొట్టాం. మూడోనాడు ఒప్పుకున్నాడు. పై అధికారి నన్ను మెచ్చుకున్నారు. నెల తరువాత ఆ సొమ్ము మరొక ఊళ్లో, మరొకడి ఇంట్లో దొరికింది. కుర్రవాడిని వదిలేశాం. నేను వాడికి ఒక్కమాట కూడా చెప్పలేదు. ఈ సెక్షను పరీక్షలో రాశాను, మార్కులు తెచ్చుకున్నాను. ఎందుకున్నదో మాత్రం వాడు కుంటుతూ స్టేషను మెట్లు దిగుతుంటే తెలిసింది" అనిరి.

తరగతిలో ఎవ్వరును కదలలేదు. ఆ విద్యార్థిని మరల లేచినది. "అతనికి మీరు తరువాతైనా క్షమాపణ చెప్పారా సార్?" "లేదమ్మా. వెదికాను. ఆలస్యంగా వెదికాను" అనిరి ఆయన. పిమ్మట బోర్డు వైపు తిరిగి సెక్షను సంఖ్య వ్రాసి, దానిలోని ఒక్కొక్క మాటకు అర్థము చెప్పనారంభించిరి. ముప్పది యేండ్ల బోధనలో నేను అంత శ్రద్ధగా ఒక పాఠము వినలేదు.

ఇచ్చట పాఠకులు నన్ను నిలదీయవచ్చును: "తప్పు ఒప్పుకొన్నంత మాత్రమున తప్పు పోవునా?" పోదు. ఆ పాఠము వలన ఆ కుర్రవానికి ఏమియు దక్కలేదు. వాని కాలు బాగుపడలేదు, వాని తండ్రి పేరు రిజిస్టరులోనుండి చెరగలేదు. తరగతిలో ఒప్పుకొనుట న్యాయస్థానమున జవాబు చెప్పుటకు బదులు కాజాలదు; అట్లని నేను చెప్పిన, ఆ కుర్రవానికి రెండవమారు అన్యాయము చేసినవాడనగుదును. నేను చెప్పునది ఇంతే. ఆ గదిలోని విద్యార్థులలో కొందరు రేపు పోలీసులగుదురు, కొందరు న్యాయవాదులగుదురు, మిగిలినవారు ఎప్పుడో ఒకప్పుడు ఠాణా మెట్లు ఎక్కవలసిన పౌరులగుదురు. వారిలో ఎవ్వరును ఆ సెక్షనును మరువరు. పుస్తకము మాత్రమే చేతనున్న నావంటివాడు ఆ పాఠము చెప్పజాలడు. నేను 'మృచ్ఛకటికము'లోని న్యాయస్థాన రంగమును, నిర్దోషియగు చారుదత్తునికి శిక్ష పడిన ఘట్టమును, ఎన్నియో యేండ్లు బోధించితిని. ఒక్కనాడును న్యాయస్థానములో అడుగుపెట్టి ఎరుగను.

కావున నా నిర్ణయము: పోలీసు అధికారి తరగతికి రావలెను, కాని మూడు షరతుల మీద రావలెను.

మొదటిది, ఆయన మరల విద్యార్థి కావలెను. 2024 జులైతో నేర చట్టముల స్వరూపమే మారినది. హత్యకు శిక్ష చెప్పు 302వ సెక్షను నేడు భారతీయ న్యాయ సంహితలో 103. మన సామెతలలోనికి ఎక్కిన 420 నేడు 318లో చేరినది. సోదాలు జరుపునప్పుడు దృశ్య శ్రవణ రూపమున నమోదు చేయవలెనని, ఏడేండ్లు, అంతకు మించి శిక్షపడదగిన నేరములలో శాస్త్రీయ నిపుణులు నేరస్థలమునకు పోవలెనని కొత్త విధానము చెప్పుచున్నది. విరమించిననాటి జ్ఞానముతో పాఠము చెప్పువాడు విద్యార్థులకు చెల్లని నాణెములు పంచినవాడగును.

రెండవది, కథలు చెప్పునప్పుడు బాధితుల పేర్లు, గుర్తులు బయటపెట్టరాదు. తన గెలుపులు ఎన్ని చెప్పునో, తన పొరపాట్లును అన్ని చెప్పవలెను.

మూడవది, అన్నిటికంటె కష్టమైనది, ప్రశ్నను సహింపవలెను. ఠాణాలో ప్రశ్నించువాడు ఆయన; తరగతిలో ప్రశ్నింపబడువాడు ఆయనయే. ఈ తారుమారు వ్యక్తులకే కాదు, సంస్థలకును కష్టమే. 1950లో బర్క్‌లీ విశ్వవిద్యాలయమున నేరశాస్త్రమునకు ప్రత్యేక కళాశాల ఏర్పడినప్పుడు, వోల్మరు శిష్యుడును పూర్వ పోలీసు అధిపతియు నగు ఓ. డబ్ల్యు. విల్సను దానికి అధ్యక్షత వహించెను. 1960లో ఆయన షికాగో పోలీసు శాఖకు అధిపతిగా వెళ్లెను. ఆ పిమ్మట పోలీసు వ్యవస్థనే నిలదీయు ఆచార్యులును, విద్యార్థులును అచ్చట బయలుదేరిరి. 1976లో ఆ కళాశాల మూతపడెను. దానికి కారణములను గూర్చి వాదములున్నవి. అచ్చట ప్రశ్న బలిసిన కొలది దాని పునాది కదలినదనుట మాత్రము కాదనరానిది.

కళాశాలల యాజమాన్యములకును ఒక మాట. విశ్రాంత పోలీసు అధికారిని వసతిగృహమున అల్లరి అణచుటకో, గేటు వద్ద విద్యార్థులను భయపెట్టుటకో, ప్రకటన పత్రములో ఫొటో అచ్చు వేయుటకో తెచ్చుకొనువారు ఆయనను ఉపాధ్యాయుని చేయుట లేదు. లాఠీని మరల చేతికిచ్చుచున్నారు. పాఠము చెప్పుటకు పిలిచిన పాఠమే చెప్పనీయుడు.

ఉపాధ్యాయ మిత్రులారా! మన పాఠశాలకో, కళాశాలకో ఇట్టివారు వచ్చినప్పుడు పట్టములు లెక్కించి చిన్నచూపు చూడకుడు. నక్షత్రములు లెక్కించి లేచి నిలువకుడు. వెనుక బల్లమీద ఒకనాడు కూర్చుండి వినుడు. విద్యార్థులారా! ఆయన కథలకు చప్పట్లు కొట్టుడు, తప్పు లేదు. కాని చప్పట్లు ఆగిన పిమ్మట ఒక ప్రశ్న అడుగుడు.

మా కళాశాలలో ఈ సంవత్సరమును ఆయనయే బోధించుచున్నారు. కొత్త తరగతికి ఆ కుర్రవాని కథ మొదటి వారమునందే, ఎవ్వరును అడుగకమునుపే, చెప్పిరట. ప్రశ్న వేసిన ఆ విద్యార్థిని పట్టభద్రురాలై సబ్‌ఇన్‌స్పెక్టరు ఉద్యోగ పరీక్షకు చదువుకొనుచున్నది. సందేహములు తీర్చుకొనుటకు వారమునకు రెండుమారులు మా ఉపాధ్యాయుల గదికి వచ్చి, ఆయన బల్లయొద్ద నిలుచుండును. ఆయన ముందుగా ఆమెకు కుర్చీ చూపుదురు.